తెరచాప ఓడ మీద ప్లాంక్టన్ (నీళ్లలో తేలే బుల్లి జీవులు) వల వేస్తే బురదే వస్తోంది, ఏం మార్చాలి?

అమెరికాలోని హడ్సన్ నదిలో తిరిగే, స్కూనర్ అనే ఒక పాతకాలపు తరహా తెరచాప ఓడ మీద బడిపిల్లలకు పాఠం చెప్పే వాలంటీర్ని. నీటి జీవులో, పడవ పనో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

మూడు గంటల ప్రయాణం. నాలుగో తరగతి పిల్లలు జట్లుగా వస్తారు, ఒక్కో జట్టుకు నా దగ్గర 20 నిమిషాలు. వల కన్ను 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మూతి అడుగు వెడల్పు. ఓడ వెనక 5 నిమిషాలు లాగుతాం. తీరా చూస్తే సీసాలో పలచటి టీ రంగు నీళ్లు, అడుగున మెత్తటి బురద. మైక్రోస్కోపులో మట్టి, కుళ్లిన ఆకు పీచు. నిన్న ఒక్కటంటే ఒక్క కోపెపాడ్ (రొయ్యల లాంటి బుల్లి నీటి జీవి) గెంతింది. చూసిన పాప అరుపుకి చుక్కాని దగ్గరున్న కెప్టెన్ కూడా తిరిగి చూశాడు. మిగతా పదకొండు మందికీ బురదే.

10 నిమిషాలు లాగి చూశాను: వల కళ్లు పూడుకుపోయి నీళ్లు మూతి దగ్గరే పొర్లిపోయాయి. 150 మైక్రాన్ల వలతో బురద తగ్గింది, జీవులూ తగ్గాయి. బరువు కట్టి లోతుకు దింపితే ఇంకా మట్టే. గాలి బాగుంటే వేగం 4 నాట్లు (గంటకు సుమారు 7 కి.మీ.) దాటుతోంది, అదే కారణమేమో. ఇంజను వేసి మెల్లగా నడపడం కెప్టెన్‌కి ఇష్టం లేదు. తెరచాప ఓడ అన్నాక అదీ సబబే. సముద్రం వైపు నుంచి ఎగువన ట్రాయ్ ఆనకట్ట దాకా 153 మైళ్లు ఈ నదికి ఆటుపోట్లున్నాయి, కానీ ప్రవాహం నిలిచే వేళ మా ఉదయం 10 గంటల ప్రయాణానికి రోజూ కుదరదు.

ఇలాంటి బురద నీళ్లలో, తెరచాపల మీదే నడుస్తూ, వేగం తగ్గించి లాగడమా, ఓడ నిలిపి వలను నిలువుగా పైకి తీయడమా, మీకు ఏది పనిచేసింది?