వంగతోట గట్టులో కన్నాలు చేసే నీలిచారల ఈగ ఏమిటి?

ప్రశ్న: ఆత్రేయపురం దగ్గరి లంకలో మాకు అరెకరం వంగతోట ఉంది. గట్టు వారన ఎండిన ఒండ్రుమట్టిలో పెన్సిల్ దూరేంత కన్నాలు పాతిక దాకా కనిపిస్తున్నాయి. పొట్టపై నీలిచారలున్న ఈగలు వాటిలోకి ఒక్కొక్కటిగా వచ్చిపోతున్నాయి. మందు పోయమని ఇరుగుపొరుగువారు చెబుతున్నారు. పోయవచ్చునా?

జవాబు: దయచేసి పోయకండి. మీ వర్ణనను బట్టి అవి అమెగిల్లా ప్రజాతికి చెందిన ఒంటరి తేనెటీగలు కావచ్చు. వీటిలో ఒక జాతిని స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లోనే వర్ణించాడు. వీటికి రాణి గానీ కూలి ఈగలు గానీ ఉండవు. ప్రతి ఆడ ఈగ తన కన్నాన్ని తానే తవ్వి, లోపలి గదికి తేమను ఆపే పూత పూసి, పుప్పొడీ మకరందమూ కలిపిన ముద్దను నింపి, దానిపై ఒకే గుడ్డు పెట్టి మూసివేస్తుంది. కాపాడుకోవలసిన పట్టు లేదు కనుక మీదపడి కుట్టవు. చేతితో నొక్కితే తప్ప భయం లేదు.

మరొక జవాబు: వంగ రైతుకు ఇది చాలా ముఖ్యమైన సంగతి. వంగపూవు కేసరాలు కొనల వద్ద ఉన్న సన్నని రంధ్రాల గుండానే పుప్పొడిని విడుస్తాయి. ఈ ఈగ పూవును పట్టుకొని ఝుమ్మని కంపింపజేసి ఆ పుప్పొడిని రాలుస్తుంది. మన పెట్టెల్లో పెంచే తేనెటీగలకు ఆ విద్య లేదు. పురుగుమందు తప్పనిసరైతే చీకటి పడ్డాక చల్లండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. నిన్న సంధ్యవేళ ఎండుపుల్లను దవడలతో కరచిపట్టి నిద్రిస్తున్న నాలుగు ఈగలను చూశాను. ఆ గట్టును పార పెట్టకుండా విడిచిపెడుతున్నాను.