ఈ వారం సమస్య: "సెట్టు విరిగిపోయె, సెట్టునయ్యె"

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఇంగ్లీషు మాటతో సమస్యేమిటని పెద్దలు కోప్పడవద్దు. టీ సెట్టు, పంపుసెట్టు, సినిమా సెట్టు, సంబంధం సెట్టవడం... ఇది లేకుండా మనకు పూట గడవడం లేదు. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో అన్నిటికంటే పొడుగాటి పద వివరణ ఈ చిన్నమాటదే. క్రియగానే 430 అర్థాలు. తర్వాత సవరణల్లో 'రన్' 645 అర్థాలతో దాన్ని దాటేసింది, అది వేరే సంగతి.

విరిగిపోయింది అంటూనే సెట్టయింది అనడమేమిటి? అదే సమస్య. చెప్పండి.

గోదారి గట్టు: మొదటి బోణీ నాదే.

టీలు తెచ్చు తరుణి కాలు జారి పడెను
వరుడు లేచి వచ్చి కరము పట్టె
కప్పులారు పగిలె, కట్నమే వలదనె
సెట్టు విరిగిపోయె, సెట్టునయ్యె

చివరి సెట్టు సంబంధమని వేరే చెప్పక్కర్లేదు కదా!

కొత్త కలం: బాగుందండీ. కానీ మొదటి పాదంలో 'టీ'కి 'కా'కి యతి (అక్షరాల మైత్రి) ఎలా కుదిరింది?

నిర్వాహకుడు: అది ప్రాసయతి, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలుస్తాయి. 'టీలు', 'కాలు'. రెండో పాదంలో 'వరుడు', 'కరము' కూడా అంతే. కరము పట్టె అన్నచోట పెళ్ళిచూపుల్లోనే పాణిగ్రహణం చేయించేశారు, అది నాకు బాగా నచ్చింది.

పాత పంతులు: పద్యం నడక హాయిగా ఉంది, ఒప్పుకుంటాను. ఒక్క మాట. కప్పు పగులుతుంది, విరగదు. మూడో పాదంలో మీరే 'పగిలె' అని సరిగ్గా రాసి, నాలుగో పాదంలో విరగ్గొట్టారు. కొమ్మ విరుగుతుంది, తాడు తెగుతుంది, గుడ్డ చిరుగుతుంది, కుండ పగులుతుంది. ఇంగ్లీషువాడు వీటిలో సగానికి పైగా ఒకే మాటతో సరిపెడతాడు. మనకు కుదరదు.

గోదారి గట్టు: ఆరింటి సెట్టులో జత చెడిందని అర్థం చేసుకోకూడదా మాస్టారూ?

పాత పంతులు: జత చెడింది అంటాం, జత విరిగింది అనం కదండీ.

గోదారి గట్టు: అయితే ట్రే చెక్కదనుకోండి, దయచేసి!

కందిపొడి: మాది చిత్తూరు వైపు. ఎముక సెట్టవడం అంటే మాకు ఒకటే గుర్తొస్తుంది.

పిల్లవాడు పడెను పెద్ద టీవీతోడ
చేయి విరిగె వాని చిటుకుమనుచు
పూసి పసరు, సొనను, పుత్తూరు కట్టుతో
సెట్టు విరిగిపోయె, సెట్టునయ్యె

ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు. మా చిన్నాన్న చేతికి అలాగే కట్టారు. వారం రోజులు ఆ వాసనకు పిల్లి ఆయన్ని వదల్లేదు.

గోదారి గట్టు: పుత్తూరు కట్టుతో టీవీ విరిగిందా?

కందిపొడి: అయ్యో! చదువుతుంటే అలాగే వస్తోంది.

నిర్వాహకుడు: అన్వయం అక్కడే తప్పింది. 'తో' పట్టుకుని వేలాడుతోంది. 'పుత్తూర కట్టిరి' అనండి, వాక్యం అక్కడికి ముగుస్తుంది. గణం కూడా చెడదు, రగణం స్థానంలో భగణం. ఇక టీవీ సెట్టంటే పాత డబ్బా టీవీయే అయ్యుండాలి, గోడకు తగిలించేదాన్ని సెట్టు అని ఎవరంటున్నారు ఇప్పుడు? పూరణ మాత్రం తాజాగా ఉంది.

పాత పంతులు: టీవీ కూడా పగులుతుంది. చెప్పానంతే.

కొత్త కలం: నా తొలి ప్రయత్నం. తప్పులుంటే తిట్టకండి.

ర్యాంకు రాక గుండె ముక్కలై పోయెను
నాన్న తిట్టలేదు నవ్వినాడు
డిగ్రి చేసి నేను ఢిల్లిలో కొలువైతి
సెట్టు విరిగిపోయె, సెట్టునయ్యె

మొదటి సెట్టు ఎంసెట్టు. రెండోది లైఫ్.

నిర్వాహకుడు: రెండో పాదం చదివి కాసేపు ఆగాను. ఏ అలంకారమూ లేదు, అయినా నిలబడింది. మొదటి పాదంలో యతి తప్పింది: 'ర్యా'కి 'ము' చెల్లదు. 'ముక్కలై' తీసి 'రాయియై' పెట్టండి, సరిపోతుంది.

పాత పంతులు: ఎంసెట్టులో ఉన్నది ఆ సెట్టు కాదు బాబూ, కామన్ ఎంట్రన్స్ టెస్టులోని పొడి అక్షరాలు. శ్లేష కింద వదిలేద్దాం. పరీక్ష పోతుంది గానీ విరగదు, మళ్ళీ అదే గొడవ. తిట్టడం లేదు, రాస్తూ ఉండండి.

కొత్త కలం: ధన్యవాదాలండీ. 'సెట్టునయ్యె' ఎందుకు? 'సెట్టయ్యె' చాలదా?

నిర్వాహకుడు: 'సెట్టును అయ్యె'. విరగడమే కాదు, సెట్టు కూడా అయింది అని. 'సెట్టయ్యె' అంటే చివరి గణమే దక్కదు.

మామిడి తాండ్ర: పంతులుగారి పోరు పడలేక విరిగే వస్తువు కోసం ఇల్లంతా వెతికాను.

అన్నదమ్ములిద్దరాస్తి పంచుకొనంగ
నాకె నాకె యనుచు నడుమ లాగ
తాత కాలమందు తరలివచ్చిన సోఫ
సెట్టు విరిగిపోయె, సెట్టునయ్యె

పాత పంతులు: భేష్! సోఫా సెట్టు విరుగుతుంది. కర్ర కదా!

గోదారి గట్టు: మూడో పాదం చివర సోఫ, నాలుగో పాదం మొదట సెట్టు. మాటను రెండు పాదాల మధ్య ఇలా సాగదీయొచ్చన్నది నాకు తట్టనేలేదు. చివరి సెట్టు తగవు తీరడమే కదా?

మామిడి తాండ్ర: అవును. విరిగాక ఇద్దరికీ అక్కర్లేకపోయింది. మా ఇంట్లో జరిగిందే, కాకపోతే అది సోఫా కాదు, పందిరిమంచం.

కందిపొడి: నాదొక సందేహం. 430 అర్థాలంటున్నారు, మనం వాడేవి పదో పన్నెండో. పొద్దు గుంకుతుంది, పెరుగు తోడుకుంటుంది, సిమెంటు గట్టిపడుతుంది, అలారం పెడతాం. అక్కడ ఎవరూ సెట్టు అనరు.

నిర్వాహకుడు: అలారం సెట్ చేశాననే వాళ్ళున్నారు మా ఇంట్లోనే. మిగతావి నిజం. తమాషా ఏమిటంటే 'ఈ చొక్కా నాకు సెట్టవదు', 'వాళ్ళిద్దరూ సెట్టయ్యారు' అనేవి మనం తిప్పుకున్న వాడుకలు. లండన్‌లో అంటే తెల్లమొహం వేస్తారు.

ఈ వారం నా ఓటు సోఫాకి. నవ్విన నాన్నకి కూడా సగం ఓటు.

వచ్చే వారం సమస్య, మళ్ళీ ఆటవెలదే: "పట్టు చీర పట్టె, పట్టలేదు."

పాత పంతులు: బీరువాలో పట్టలేదా, ఒంటికి పట్టలేదా?

నిర్వాహకుడు: అది మీరే చెప్పాలి మాస్టారూ.