పాస్‌వర్డ్ మార్చినా మెయిళ్లు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్ ఫోల్డర్‌లోకి పోతున్నాయి

ఇన్‌వాయిస్ పేరుతో వచ్చిన హెచ్‌టీఎంఎల్ అటాచ్‌మెంట్ తెరిచి, నకిలీ లాగిన్ పేజీలో ఆఫీసులో ఒకరు పాస్‌వర్డ్ కొట్టేశారు. ఆ ఔట్‌లుక్ మెయిల్ ఖాతా నుంచే అదే అటాచ్‌మెంట్ కాంటాక్టులందరికీ వెళ్లింది. పాస్‌వర్డ్ మార్చి, సెషన్లన్నీ రద్దుచేసి, టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టాను. ఫార్వర్డింగ్ లేదు, అనుమతి పొందిన బయటి యాప్‌లూ లేవు. విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్‌లో ఏమీ దొరకలేదు (పోయింది పాస్‌వర్డే కాబట్టి అది వింతేం కాదు).

పంపడం ఆగింది. కానీ సబ్జెక్ట్‌లో 'ఇన్‌వాయిస్', 'వైరస్' అని ఉంటే చాలు, వచ్చిన మెయిల్ చదివేసినట్టుగా మారి ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్‌లోకి (వెబ్‌సైట్ల కొత్త పోస్టులు చేరే ఔట్‌లుక్ ఫోల్డర్) పోతోంది. ఔట్‌లుక్ మూసి ఉన్నా ఇంతే, కనుక ఇలా చేయించే రూల్ (వచ్చిన మెయిల్‌ను తనంతట తానే తరలించే ఆదేశం) సర్వర్‌లోనే ఉన్నట్టు. వెబ్‌లోనూ డెస్క్‌టాప్‌లోనూ రూల్స్ జాబితా మాత్రం ఖాళీ.

ఇలా దాచిన రూల్‌ను ఔట్‌లుక్ క్లీన్‌రూల్స్ స్విచ్ (ఔట్‌లుక్ తెరిచేటప్పుడు ఇచ్చే, రూల్స్ చెరిపే ఆదేశం) తొలగిస్తుందా, లేక ఎంఎఫ్‌సీమ్యాపీతోనే (మెయిల్‌బాక్స్ లోపల దాగినవి చూపే టూల్) తీయాలా?