వానల్లో కొరియా సైనికులు కొమ్ము విల్లును ఎలా కాపాడుకునేవారు?

అందరికీ నమస్కారం. జోసోన్ రాజవంశం కాలంలో కొరియా సైనికులు వాడిన గాక్‌గుంగ్ అనే కొమ్ము విల్లు గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. వెదురు బద్దకు లోపలి వైపు గేదె కొమ్ము, బయటి వైపు పశువుల నరాలు చేప జిగురుతో అతికిస్తారు, నారి విప్పితే ఆ విల్లు ఎదురు దిక్కుకి తిరిగి దాదాపు గుండ్రంగా చుట్టుకుపోతుంది, మొదటిసారి ఫొటో చూసి విరిగిపోయిందేమో అనుకున్నాను. కొరియాలో ఆ గేదెలు లేవు కాబట్టి కొమ్ము చైనా నుంచి తెప్పించుకునేవారట, అంటే ఒక్క విల్లు పాడైనా చిన్న నష్టం కాదు.

నా సందేహం జిగురు దగ్గరే. అది తేమకు మెత్తబడుతుంది, కొరియాలో జూన్ చివర్లో మొదలై నెల రోజులు వానలే. ఇంట్లోనైతే వెచ్చగా దాచుకోవచ్చు, మరి 1592లో జపాన్ సేనలు దిగినప్పుడు రోజుల తరబడి బయటే ఉన్నవాళ్లు ఏం చేశారు? వానల్లో వేరే రకం విల్లు వాడేవారా?

ఇంకొకటి, ప్యోంజోన్ అనే పొట్టి బాణాన్ని సగానికి చీల్చిన గొట్టంలో పెట్టి వదిలేవారు కదా, గుర్రం మీద ఉన్నప్పుడు కూడా అది కుదిరేదా? విలువిద్య నేర్చుకున్నవాళ్లు, సియోల్‌ మ్యూజియంలలో వీటిని దగ్గర నుంచి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.