ఒడిశా సిమ్, ఇంగ్లీషు ఫోను, అయినా తెలుగులో సుగర్ మందు యాడ్ ఎలగ వచ్చీసింది?

జంఝావతి_గట్టు:
అందరికీ నమస్కారం. మాది రాయగడ. నా సిమ్ ఒడిశాది, ఆధార్ అడ్రసు ఒడిశా, ఫోన్‌లో పెట్టుకున్న భాష ఇంగ్లీషు, చదివింది కూడా ఒడియా మీడియం. పోయిన్నెల మా నాన్నని వైజాగ్ తీసుకెళ్ళి చూపిస్తే సుగర్ అన్నారు. ఇంటికొచ్చి రెండ్రోజులు కాలేదు, నా ఫోన్లో "మీ నాన్నగారికి షుగర్ ఉందా?" అని అచ్చ తెలుగులో వీడియో యాడ్, పంచె కట్టుకున్న ఒకాయన కాకరకాయ పొడి డబ్బా పట్టుకుని తెగ చెప్పీస్తన్నాడు. నేనైతే ఎక్కడా వెతకలేదు, ఎవరికీ మెసేజ్ పెట్టలేదు, ఇంట్లో మాట్లాడుకున్నాం అంతే. ఇక్కడ ఆఫీసుకెళ్తే ఫారాలన్నీ ఒడియాలోనే ఉంటాయి, మనం తెలుగోళ్ళమన్న సంగతి ఎవడికీ పట్టదు, మరి ఈ ఫోన్‌కి ఎలగ తెలిసింది? మైకులోంచి వింటన్నారా ఏటి? మా బావమరిది అయితే ఫోన్ బీరువాలో పెట్టి అప్పుడు మాట్లాడుకోమంటన్నాడు. తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి.

పర్లాకిమిడి_కుర్రోడు:
వింటారన్నా, గ్యారంటీ. మా ఇంట్లో అక్క పెళ్ళికి బరంపురం పట్టుచీరలు తీసుకోవాలని మాట్లాడుకున్నాం, సాయంత్రానికల్లా చీరల యాడ్లే యాడ్లు. ఇంకో గోల ఏంటంటే మా వీధిలో ఒక్కోసారి పాతపట్నం వైపు టవర్ అందుకుంటాది, అప్పుడు నా లొకేషన్ ఆంధ్రాలో చూపిస్తాది, మంచం మీంచి లేవకుండానే రాష్ట్రం మారిపోతాను 😀

సెల్‌పాయింట్_గుణుపురం:
తమ్ముడూ నాది మొబైల్ షాపు, ఈ మైకు ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అమెరికాలో నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో 17 వేలకి పైగా ఆండ్రాయిడ్ యాప్‌లు పరీక్ష చేశారు, చెప్పకుండా మైకు ఆన్ చేసి మాటలు బయటికి పంపిన యాప్ ఒక్కటీ దొరకలేదు. కాకపోతే కొన్ని యాప్‌లు స్క్రీన్‌నే వీడియో తీసి వేరే కంపెనీకి పంపిస్తన్నాయని బయటపడింది, అది ఇంకా దారుణం, దాని గురించి మాత్రం ఎవడూ మాట్లాడడు. అలాగని మైకు మాట మొత్తం గాలి కబురని కూడా అనలేం, ఆపిల్ ఫోన్లో మన మాట విని జవాబిచ్చే సిరి పొరపాటున ఆన్ అయినప్పుడు రికార్డయిన మాటల్ని కాంట్రాక్టు ఉద్యోగులు కూర్చుని విన్నారని 2019లో బయటికొచ్చింది, ఆ కేసుని ఆపిల్ 2025లో తొమ్మిదిన్నర కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది.

కానీ నీ విషయంలో మైకు అక్కర్లేదు. నువ్వు వెతకలేదు సరే, ఇంట్లో మిగతావాళ్ళు? అందరూ ఒకే వైఫై మీద ఉంటే బయటికి కనబడే ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో ఇంటి నంబర్ లాంటిది, ఒక్కటే, ఒకళ్ళు వెతికింది ఇంకొకళ్ళ యాడ్లలో తేలడం మామూలే. ల్యాబ్‌లో ఫోన్ నంబర్ ఎవరిది ఇచ్చావ్? రిపోర్ట్ కోసం యాప్ ఏదైనా వేయించారా? ఫేస్‌బుక్ వాడు ఆరోగ్యం టాపిక్కులు పట్టుకుని యాడ్ గురిపెట్టే ఆప్షన్లు 2022 జనవరిలో తీసేశాడు, నిజమే, కానీ వ్యాపారం చేసేవాడు తన దగ్గరున్న కస్టమర్ల నంబర్ల లిస్టు ఎక్కించి "వీళ్ళకి చూపించు" అనొచ్చు కదా. అమెరికాలో గుడ్‌ఆర్‌ఎక్స్ అని మందుల మీద డిస్కౌంట్ కూపన్లు ఇచ్చే కంపెనీ సరిగ్గా ఈ పనే చేసింది, బీపీకి గుండెకి మందులు కొన్నవాళ్ళ ఈమెయిళ్ళు నంబర్లు ఫేస్‌బుక్‌కి ఎక్కించింది, 2023లో అక్కడి ట్రేడ్ కమిషన్ పట్టుకుని 15 లక్షల డాలర్ల జరిమానా వేయించింది.

ఇంకో మాట. ఆ యాడ్ నీ ఒక్కడికే వచ్చిందని ఎందుకనుకుంటన్నావ్? తెలుగొచ్చిన నడివయసు మగాళ్ళందరికీ గంపగుత్తగా కొట్టే యాడ్ అది, ముందునుంచీ తిరుగుతూనే ఉండుంటాది, నాన్నకి వచ్చాక నీ కంట్లో పడింది.

తెలుగు సంగతంటావా, అది నీకే చూపిస్తాను. గూగుల్ అకౌంట్ తెరిచి పర్సనల్ ఇన్ఫోలో లాంగ్వేజ్ నొక్కు. నువ్వు పెట్టిన ఇంగ్లీషు పైన ఉంటాది, కింద నువ్వు పెట్టని భాషలు "మీ కోసం జోడించాం" అన్నట్టు ఉంటాయి. చూసి చెప్పు.

ఏమైతే_ఏటి:
మన దగ్గర దాచుకోడానికి ఏముంది బాబూ, సుగర్ రోగమే కదా, ఊర్లో సగం మందికుంది. మ్యాప్ ఫ్రీ, వీడియోలు ఫ్రీ, మెయిల్ ఫ్రీ, ఊరికే ఎవడిస్తాడు? యాడ్ చూపించుకోనీ, నేనైతే కొనను.

సెల్‌పాయింట్_గుణుపురం:
నువ్వు కొనవు సరే, ఇంగ్లీషు మందు మానేసి ఆ పొడి తాగే పెద్దాళ్ళని నేను మా షాపు ముందే చూస్తన్నాను. రేపు ఇన్సూరెన్స్ వాడు ఆ లిస్టు కొనుక్కుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

జంఝావతి_గట్టు:
అన్నా చూశాను. ఇంగ్లీషు కింద తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి, నేనెప్పుడూ పెట్టలేదు! రోజూ తెలుగు పాటలు, వార్తలు చూస్తాను కాబట్టి పట్టీసినట్టున్నాడు. ఇంట్లో అడిగితే మా ఆవిడ "సుగర్ ఉన్నోళ్ళు రాగి అంబలి తాగొచ్చా" అని తన ఫోన్లో తెలుగులో మాట్లాడి వెతికిందట. ల్యాబ్‌లో ఇచ్చింది నా నంబరే, రిపోర్ట్ కోసం ఒక యాప్ వేయించారు, కాంటాక్టులు లొకేషన్ అన్నిటికీ అలౌ కొట్టించారు, రక్తం రిపోర్ట్‌కి నా కాంటాక్టులెందుకో ఆ దేవుడికే తెలియాలి. సరే, మన దేశంలో దీనికి చట్టం ఏదీ లేదా?

బరంపురం_లా:
ఉందండీ, కానీ పూర్తిగా అమల్లోకి రాలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జిల బెంచి పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆ తర్వాత ఆరేళ్ళు నాన్చి 2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా చట్టం తెచ్చారు, దానికి రూల్స్ వచ్చేసరికి 2025 నవంబర్ అయింది, అందులో కూడా కంపెనీలు పాటించాల్సిన అసలు నియమాలకి ఇంకో 18 నెలలు గడువిచ్చారు, అంటే 2027 మే దాకా ఆగాలి. మీకు పనికొచ్చేది ఏంటంటే, డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేన్లోనైనా చదువుకునే వీలివ్వాలి, అప్పుడు రాయగడలో ఉన్నా తెలుగులో అడగొచ్చు. ఆ పనికి అవసరమైనంతవరకే తీసుకోవాలి, కాబట్టి ల్యాబ్ యాప్‌కి కాంటాక్టులు ఇవ్వక్కర్లేదు.

జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చు, వినడానికి బావుంటుంది గానీ ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకే పోతుంది, డేటా పోగొట్టుకున్నవాడికి పైసా రాదు. నష్టపరిహారం అడగడానికి పాత ఐటీ చట్టంలో 43ఏ అని ఒక సెక్షన్ ఉంది, దాన్ని కూడా ఈ చట్టంతోనే 2027 మే నుంచి తీసేస్తున్నారు, నాకైతే ఇదే మింగుడు పడటం లేదు. వాట్సాప్ 2021 ప్రైవసీ పాలసీ విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్లో మెటా (ఫేస్‌బుక్, వాట్సాప్‌ల కంపెనీ) మీద 213 కోట్లు వేసింది, అది కూడా ఈ చట్టం కింద కాదు, పోటీ చట్టం కింద.

సెల్‌పాయింట్_గుణుపురం:
2027 దాకా ఆగేదేటి, ఇవాళ్టికి ఇవి చెయ్యి. ల్యాబ్ యాప్‌ని ఊరికే తీసీకు, ముందు లోపలికెళ్ళి అకౌంట్ డిలీట్ కొట్టి అప్పుడు తీయి, లేకపోతే నీ రిపోర్ట్ వాడి దగ్గరే పడుంటాది. రిపోర్ట్ పీడీఎఫ్ ముందే దించుకో. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్, అక్కడ అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ కొట్టు, యాప్‌లు నువ్వు నువ్వే అని ఎక్కువగా గుర్తుపట్టేది ఆ ఐడీతోనే. ఫేస్‌బుక్ అకౌంట్స్ సెంటర్లో "మెటా టెక్నాలజీల బయట మీ యాక్టివిటీ" అని ఉంటాది, తెరిచి చూడు, ఏ షాపు ఏ యాప్ నీ గురించి పంపిందో పేర్లతో సహా ఉంటాది, అది క్లియర్ చేసి ఇకమీదట కలపొద్దని పెట్టు. ఇన్ని చేసినా యాడ్లు ఆగవు, ముందే చెప్తన్నాను, నీ గురించి తెలిసి వేసేవి తగ్గుతాయి అంతే. బ్రౌజర్లో హిస్టరీ దాచిపెట్టని ఇన్‌కాగ్నిటోలో వెతికితే ఎవరికీ తెలీదనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, దాని మీద కోర్టుకెళ్తే 2024లో గూగుల్ వందల కోట్ల రికార్డులు చెరిపేస్తానని ఒప్పుకోవాల్సొచ్చింది.

పర్లాకిమిడి_కుర్రోడు:
అన్నా మా అమ్మ ఫోన్ పాతది, అందులో ఐడీ డిలీట్ అని రావట్లేదు, రీసెట్ అని మాత్రమే ఉంది?

సెల్‌పాయింట్_గుణుపురం:
ఆండ్రాయిడ్ పాత వెర్షన్ అయ్యుంటాది. రీసెట్ కొట్టి, దాని దగ్గర్లోనే యాడ్ పర్సనలైజేషన్ వద్దు అనే బటన్ ఉంటాది, అది ఆన్ చెయ్యి. కనబడకపోతే స్క్రీన్‌షాట్ పెట్టు.