మిన్నెసోటా: చిన్నపిల్లలతో శనివారం మంచులో, ఏం చేయొచ్చు? ఎక్కడ తేడా కొడుతుంది?

కొత్త_కోటు: మినియాపొలిస్. పిల్లలకి 4, 9 ఏళ్ళు. జనవరిలో ఒక శనివారం మూడు గంటలు బయట గడపాలని. స్లెడ్డింగ్, గడ్డకట్టిన లేక్ మీద చేపలు పట్టడం రెండూ కుదురుతాయా? ఏం కొనాలి, ఏం అక్కర్లేదు?

చిల్లుల_గరిటె: కుదురుతాయి. కానీ ముందు ఐస్ మందం. డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) లెక్క ప్రకారం నడిచి వెళ్ళడానికి కనీసం 4 అంగుళాలు, చిన్న కారుకి 9–10. ఇది గాజులా తేటగా ఉన్న కొత్త ఐస్‌కి మాత్రమే. పాలలా తెల్లగా ఉంటే బలం సగమే, మందం రెండింతలు ఉండాలి. ఒడ్డున ఒక్క బెజ్జం వేసి సరిపెట్టకండి, 150 అడుగులకొకటి వేస్తూ వెళ్ళాలి. టేపు కొక్కేన్ని ఐస్ అడుగు అంచుకి తగిలించి పైకి లాగితే కొలత కచ్చితంగా వస్తుంది. వాగు వచ్చి కలిసే చోట, బ్రిడ్జి కింద, ఊటల దగ్గర జనవరిలోనూ పల్చగా ఉండొచ్చు. పక్కన ఎవరిదో ట్రక్కు నిలబడిందని నమ్మి వెళ్ళొద్దు.

సామాను తక్కువే: ఐస్‌లో బెజ్జం వేసే 6 అంగుళాల చేతి ఆగర్, పొట్టి రాడ్, చిన్న జిగ్ (బరువున్న గాలం), ఎరకి వ్యాక్స్ వర్మ్ అనే పురుగులు. బ్లూగిల్ అనే చిన్న చేపకైతే ఎరని లేక్ నేలకి 12 అంగుళాలు పైన ఉంచి చూడండి. బెజ్జం మళ్ళీ గడ్డకడుతూ ఉంటుంది కాబట్టి పైన తేలే ఐస్ ముక్కల్ని తోడెయ్యాలి. ఆ పనికి అమ్మే స్కిమ్మర్ మన బూందీ గరిటే, ఇంట్లో ఉంటే కొనక్కర్లేదు. పెద్దవాళ్ళకి లైసెన్స్ కావాలి, ఇక్కడే ఉండే 16 ఏళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు.

ఉత్తరపు_గాలి: పై మాటకి ఒకటి కలుపుతా. లేక్ మీద మంచు ఎక్కువగా పేరుకుంటే ఆ బరువుకి ఐస్ కిందికి దిగి, పగుళ్ళలోంచి నీళ్ళు పైకొస్తాయి. పైన తెల్లగానే కనిపిస్తుంది, అడుగేస్తే బూటు తడిసిపోతుంది. కాళ్ళు తడిస్తే ఆ రోజుకి ఆట ఆఖరు, ఇంటికే. పెద్దవాళ్ళ మెడలో ఐస్ పిక్స్ (నీళ్ళలో పడితే ఐస్‌లో గుచ్చి పైకి పాకే మేకులు) వేలాడాలి, బ్యాగులో పెడితే దండగ. టెంట్‌లో ప్రొపేన్ హీటర్ వెలిగిస్తే గాలి ఆడే సందు తెరిచే ఉంచండి, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకి వాసన ఉండదు.

మూడు_పొరలు: బట్టల సంగతి. ఒంటికి ఆనుకుని కాటన్ వద్దు: చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది. మెరీనో ఊలు లేదా పాలియెస్టర్, పైన ఫ్లీస్, ఆ పైన నీళ్ళు దిగని స్నోసూట్. వేళ్ళున్న గ్లవ్స్ కన్నా మిట్టెన్లు వెచ్చన. స్పేర్ జత తప్పనిసరి, ఎందుకంటే మొదట తడిసేవి అవే. సున్నా ఫారెన్‌హీట్‌లో గంటకి 15 మైళ్ళ గాలి వీస్తే విండ్ చిల్ (గాలికి ఒంటికి తెలిసే చలి) మైనస్ 19. అంటే బయటికి కనిపించే చర్మం అరగంటలో ఫ్రాస్ట్‌బైట్‌కి గురవుతుంది, అంటే చలికి గడ్డకట్టి దెబ్బతింటుంది. అలాంటి రోజు లేక్ మానేసి చెట్ల చాటున్న గుట్టకి వెళ్ళండి.

కొత్త_కోటు: సాక్సులు రెండు జతలు వేస్తే మంచిదేనా అండీ?

మూడు_పొరలు: బూటు బిగుసుకుంటే కాదు. రక్తం సరిగా ఆడక వేళ్ళు ఇంకా త్వరగా చల్లబడతాయి. మందమైన ఊలు సాక్సులు ఒక్క జత, లోపల కాలి వేళ్ళు ఆడేంత ఖాళీ. ఇంకో మాట: కారు సీట్‌లో కూర్చోబెట్టేటప్పుడు స్నోసూట్ తీసేయండి. దాని మీద బెల్ట్ బిగించినట్టే ఉంటుంది, గుద్దుకున్నప్పుడు లోపలి దూది అణిగి వదులవుతుంది. బెల్ట్ పెట్టాక కోటు పైన కప్పండి.

గుట్ట_దిగువ: స్లెడ్‌కి ఏటవాలు కన్నా ముఖ్యం, కింద ఆగడానికి చదునైన చోటు. చెట్టు, కంచె, రోడ్డు, పార్కింగ్ ఉంటే వేరే గుట్ట చూడండి. కూర్చుని, కాళ్ళు ముందుకి. తల ముందుకి పెట్టి బోర్లా జారనివ్వద్దు. గుండ్రటి సాసర్ స్లెడ్ గిరగిరా తిరిగిపోతుంది, దారి మళ్ళించలేం. 4 ఏళ్ళవాడికి అది వద్దు. హెల్మెట్ ఉండాలి, మఫ్లర్ బదులు నెక్ గేటర్ (మెడకి తొడిగే గొట్టంలాంటి గుడ్డ). ముందురోజు కరిగి రాత్రి గడ్డకట్టిన గుట్ట పొద్దున్నే నున్నటి ఐస్, వేగం అదుపు తప్పుతుంది.

మంచుబొమ్మ కోసం 30–32 ఫారెన్‌హీట్ రోజు చూసుకోండి. 10 డిగ్రీల్లో మంచు బొంబాయి రవ్వలా జారిపోతుంది, ముద్ద కట్టదు.

సంక్రాంతి సరదా కావాలంటే జనవరిలో లేక్ హారియట్ దగ్గర గాలిపటాల పండగ జరుగుతుంది. మాంజా ఇంట్లోనే వదిలేయండి.

చిల్లుల_గరిటె: తిండి విషయం ఎవరూ చెప్పలేదు! పులిహోర డబ్బాలో గింజ గింజా గట్టిపడుతుంది. వెడల్పు మూతి థర్మోస్‌లో మరిగే నీళ్ళు పది నిమిషాలు ఉంచి పారబోసి, అప్పుడు వేడి ఉప్మా. చారుకి ఇంకో థర్మోస్.

కొత్త_కోటు: థాంక్సండీ. ఆ చేతి వార్మర్ పొట్లాలు ఒక్కోసారి అరగంటకే చల్లారతాయట, ఎందుకు?

ఉత్తరపు_గాలి: లోపల ఉన్నది ఇనుప పొడి, గాలి తగిలితే తుప్పుపట్టి వేడెక్కుతుంది. బిగుతు మిట్టెన్‌లో గాలి ఆడక ఆగిపోతుంది. బయటికి తీసి ఊపితే మళ్ళీ అందుకుంటుంది. మిగిలితే గాలి చొరని జిప్ కవర్లో వేసేయండి, తర్వాత వాడుకోవచ్చు. చర్మానికి నేరుగా తగలనివ్వద్దు, కాలుతుంది.