మ్యాప్‌లో 24 గంటలూ ఓపెన్ అంటుంది, వెళ్తే కిచెన్ మూసేశాం అంటారు. ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి

దారిమైలు · సాయంత్రం 6:40
మూడు గంటల నుంచి ఫోన్‌తో ఇదే కుస్తీ. నిన్నా ఇవాళా ఒకటే తంతు. మ్యాప్‌లో వెతుకుతాను, 4.5కి తగ్గనివే ఏరుకుంటాను, ‘24 గంటలూ తెరిచి ఉంటుంది’ అని రాసి ఉంటేనే బండి తిప్పుతాను. తీరా వెళ్తే కిచెన్ క్లోజ్ అంటారు. లేదంటే ఎప్పుడు వండారో తెలియనిది తెచ్చి పెడతారు, బిల్లు మాత్రం గుండె ఆగేంత. ఇవాళ వరసగా మూడు చోట్ల. యాప్ తీసేసి మళ్ళీ వేశాను. క్యాష్ క్లియర్ చేశాను. లొకేషన్ ఆన్‌లోనే ఉంది. ఇంకో మ్యాప్‌లోనూ దాదాపు అవే వస్తున్నాయి. ఈ రేటింగులన్నీ కొనుక్కున్నవేనా? రేపంతా మళ్ళీ రోడ్డు మీదే. మంచి తిండి చూపించే యాప్ ఏదైనా ఉంటే పేరు చెప్పండి. ‘ఇంటి నుంచి కట్టుకెళ్ళండి’ అనే సలహా మాత్రం వద్దు, దండం పెడతా.

సూటిమాట · 6:44
ఏం టైప్ చేసి వెతికారు? ఎన్నింటికి వెళ్ళారు?

కూజా · 6:58
తిండి సంగతి తర్వాత, ముందు నీళ్ళు చూసుకోండి. ప్రయాణంలో కడుపు చెడితే అందరూ తిండినే తిడతారు, నీళ్ళ మీద అనుమానమే రాదు. సీసా కొంటే మూత కింది రింగు తెగకుండా ఉందో లేదో చూడండి. తర్వాత సీసాని తలకిందులు చేసి గట్టిగా నొక్కండి. మూత దగ్గర చెమ్మ వచ్చిందంటే ఆ సీల్ నమ్మకూడదు. సీసా దొరకని చోట కాచుకోవడమే. అడుగున చిన్న బుడగలు లేస్తే కాగినట్టు కాదు, గిన్నె అంతా తెర్లాలి, తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం. 2,000 మీటర్లకు పైన ఉన్న కొండ ప్రాంతమైతే 3 నిమిషాలు, ఎందుకంటే అక్కడ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. క్లోరిన్ బిళ్ళ వేస్తే దాని అట్ట మీద రాసినంత సేపూ ఆగాలి, మామూలుగా అరగంట. నీళ్ళు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. బురదగా ఉంటే ముందు గుడ్డలో వడకట్టి, తేర్చి, ఆ తర్వాతే బిళ్ళ.

దారిమైలు · 7:03
కూజా గారూ, నీళ్ళ గురించి అడగలేదండీ.

నాలుగోగిన్నె · 7:10
రేటింగ్ కొన్నారా లేదా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు, లెక్క చూడండి. 12 మంది రివ్యూలతో 4.9 ఉందనుకుందాం. ఇంకో ఇద్దరు వచ్చి 1 చొప్పున ఇస్తే అది 4.3కి పడిపోతుంది. 1,800 మందితో 4.3 ఉన్నచోట ఆ ఇద్దరూ ఇచ్చినా అంకె కదలదు. అంటే 4.9 చూసి సంబరపడక్కర్లేదు, 4.3 చూసి వదిలేయక్కర్లేదు. పక్కన బ్రాకెట్లో ఎంతమందో చూడాలి. 5 చుక్కల రివ్యూలు చదవడం టైమ్ వేస్టు, అన్నీ ‘సూపర్’ అనే. 1 చుక్కవి సగం పార్కింగ్ తగాదాలు. 3 చుక్కలవాళ్ళే ఓపిగ్గా రాస్తారు, ఏది బాగుందో ఏది బాలేదో విడదీసి మరీ.

సూటిమాట · 7:12
నా రెండు ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

దారిమైలు · 7:20
ఏం టైప్ చేస్తారండీ, హోటల్స్ అనే. టైమ్ మామూలే, భోజనాల టైమే.

సూటిమాట · 7:21
గడియారంలో ఎంత?

దారిమైలు · 7:24
మూడున్నర, నాలుగు. పొద్దున టిఫిన్ ఆలస్యంగా తింటాం కాబట్టి.

పటంచూపు · 7:41
దొరికిపోయింది. యాప్ తప్పు లేదు, రేటింగులు కొన్నవీ కాకపోవచ్చు. మనం హోటల్ అంటే తినే చోటు. మ్యాప్‌కి హోటల్ అంటే పడుకునే చోటు. మీరు రెండు రోజులుగా లాడ్జీలు వెతుకుతున్నారు. ‘24 గంటలు’ అన్నది రిసెప్షన్ వేళ, వంటగదిది కాదు. ఆ 4.5 కూడా పరుపులకీ ఏసీకీ బాత్రూమ్‌కీ ఇచ్చింది. ఒకసారి ఆ పేజీ తెరిచి చూడండి, గదులు, లొకేషన్, సర్వీస్ అని మార్కులు విడిగా ఉంటే అది బసే. చాలా లాడ్జీల్లో కింద ఉన్న రెస్టారెంట్‌కి వేరే పేజీ ఉంటుంది, దాని వేళలూ దాని మార్కులూ వేరు.

‘రెస్టారెంట్’ అని వెతకండి. అంతకంటే మంచిది, తినదలచుకున్న పదార్థం పేరే కొట్టడం. అప్పుడు మెనూలోనో రివ్యూల్లోనో ఆ మాట ఉన్న చోట్లు పైకొస్తాయి. ఒక చోటు నచ్చాక దాని రివ్యూల్లోనే ఆ పదార్థం పేరు వెతికి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి. గత రెండు నెలల్లో దాని గురించి ఎవరూ రాయకపోతే వంటవాడు మారాడేమో అని అనుమానించండి. ఫొటోల్లో యజమాని పెట్టినవి వదిలేసి తిన్నవాళ్ళు పెట్టినవే చూడాలి. కంచం కంటే వెనకాల బల్లలు చూడండి. మనుషులు కనబడుతున్నారా, ఖాళీ కుర్చీలా.

దారిలో ఉన్నారు కాబట్టి ముందు నావిగేషన్ మొదలుపెట్టి, అందులోంచే వెతకండి. అప్పుడు వెళ్ళే దారి వెంట ఉన్నవి, ఎంత చుట్టు పడుతుందో కూడా చూపిస్తుంది. బయట నుంచి వెతికితే మీరు దాటొచ్చిన వాటిని కూడా లిస్టులో పెడుతుంది.

నుడికారం · 7:55
పటంచూపు గారూ, ‘మ్యాప్‌కి హోటల్ అంటే పడుకునే చోటు’ సరే. కానీ మనవాళ్ళు హోటల్ అనడం తప్పన్నట్టు మాట్లాడకండి. తెలుగులో హోటల్ అంటే తినే చోటే, పడుకునేది లాడ్జి. దశాబ్దాలుగా స్థిరపడ్డ మాట. ఇంగ్లీషులో ఒక అర్థం ఉందని తెలుగులో దిద్దుకోవాలా?

పటంచూపు · 7:59
తప్పనలేదు. మ్యాప్‌కి తెలియదన్నాను.

నుడికారం · 8:02
భోజనశాల అని కొట్టి చూడండి మరి.

నాలుగోగిన్నె · 8:03
కొట్టాను. ఒక కల్యాణమండపం వచ్చింది.

మీటరుబిళ్ళ · 8:09
కూజా గారూ, అంత శ్రమెందుకు? టీడీఎస్ మీటర్ జేబులో పెట్టుకుంటే సరి. 50 చూపిస్తే మంచినీళ్ళు, 500 దాటితే వద్దు.

కూజా · 8:17
ఇదిగో ఇదే ప్రమాదం. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగిన లవణాల కొలత. సూక్ష్మజీవిని ఆ మీటర్ కొలవదు. వాన నీళ్ళ గుంటలో ముంచితే 50 లోపే చూపించొచ్చు, తాగుతారా? ఎక్కువ లవణాలున్న బావి నీళ్ళు రుచికి బాగోకపోయినా రోగం తేకపోవచ్చు. ఇంకోటి, సీసా నీళ్ళన్నిటినీ మినరల్ వాటర్ అనేస్తాం. అసలు సహజ మినరల్ వాటర్ అంటే భూగర్భంలోంచి వచ్చి, దాని లవణాల కూర్పు మార్చకుండా ఊట దగ్గరే సీసాలో పట్టింది. మిగతాది శుద్ధి చేసిన నీళ్ళు. తాగడానికి రెండూ మంచివే, పేరు మాత్రం వేరు.

ఫిల్టర్ సీసాలు వాడేవాళ్ళకి: 0.2 మైక్రాన్ రంధ్రాలది బ్యాక్టీరియానీ, క్రిప్టోస్పోరిడియం, జియార్డియా లాంటి పరాన్నజీవులనీ ఆపుతుంది, వైరస్‌లని ఆపదు. క్లోరిన్ దీనికి ఉల్టా, వైరస్‌లని చంపుతుంది, క్రిప్టోస్పోరిడియం దానికి చావదు. అందుకే ఫిల్టర్ చేసి ఆపైన క్లోరిన్. సన్నటి గొట్టాల ఫిల్టర్ ఒకసారి తడిశాక గడ్డకట్టిందంటే అవతల పారేయాలి, లోపల గొట్టాలు పగిలినా పైకి కనబడదు.

దారిమైలు · 8:20
అయ్యా, తిండి. తిండి.

గరిటె · 8:36
పేరు గొడవ తీరింది కానీ టైమ్ గొడవ ఎవరూ పట్టించుకోలేదు. రెస్టారెంట్ అని వెతికినా మూడున్నరకు వెళ్తే మీకు దక్కేది మధ్యాహ్నం మిగిలిందే. పగటి వంట అయిపోయి రాత్రి వంట మొదలుకాని వేళ అది. పొయ్యిలు ఆరి ఉంటాయి, వంటవాళ్ళు నడుం వాలుస్తారు.

వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా. మధ్యలో ఉంటే సూక్ష్మజీవులకి పండగ. బయట పెట్టింది 2 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట. ‘మళ్ళీ వేడి చేసి ఇస్తాం సార్’ అంటే మొత్తం నమ్మకండి. స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలిన విషం, అన్నంలో బాసిలస్ సీరియస్ అనే ఇంకో బ్యాక్టీరియా వదిలే విషం మరిగించినా పోవు. సూక్ష్మజీవి చస్తుంది, విషం మిగులుతుంది. తిన్న కొద్ది గంటలకే వాంతులు పట్టుకునేది ఎక్కువగా వీటితోనే.

బఫే అయితే గిన్నె అంచు చూడండి. ఇప్పుడున్న కూర మట్టానికి పైన ఎండి నల్లబడిన గీత ఉంటే పొద్దుటిది అడుగంటాక దాని మీదే కొత్తది పోశారన్నమాట. పైన తెట్టు కట్టిందా, నూనె తేలి అంచుకి చేరిందా, కింద వేడి నీళ్ళ తొట్టి పొగలు కక్కుతోందా లేదా. మూత తీస్తే ఆవిరి మొహానికి తగలాలి. తగలకపోతే మూత పెట్టేసి వచ్చేయండి.

ఆ వేళప్పుడు తప్పదంటే ఆర్డర్ ఇచ్చాక పొయ్యి మీదకెక్కేదే చెప్పండి. పెనం మీద కాల్చేది, అప్పుడే వేయించేది, గుడ్డు. 10, 15 నిమిషాలు పడుతుందంటే సంతోషించండి. రెండు నిమిషాల్లో వచ్చిందంటే అది మీకోసం వండింది కాదు. పచ్చి కూరగాయ ముక్కలూ, ముందే కోసి పెట్టిన పళ్ళూ వదిలేయండి. తొక్క మీరే వలుచుకునే పండైతే నిక్షేపంగా తినొచ్చు.

సూటిమాట · 8:39
పన్నెండున్నరకి తినండి. అంతే.

పటంచూపు · 8:46
అదే తేలిక. రద్దీ చూపించే నిలువు గీతల పట్టీ ఉంటుంది కదా, అది పైకి లేవడం మొదలైన గంటలో వెళ్ళాలి. శిఖరానికి చేరాక వెళ్తే నిలబడాలి, దిగాక వెళ్తే మిగిలింది తినాలి. వెళ్ళేముందు ఫోన్ చేస్తే ‘తెరిచి ఉందా’ అనొద్దు, ఔననే అంటారు. ‘వంటగది ఎన్నింటి వరకు, చివరి ఆర్డర్ ఎన్నింటికి’ అని అడగండి. తలుపు మూసే టైమ్ కంటే అది ముందే ఉంటుంది, మ్యాప్‌లో ఉన్నది తలుపు టైమే.

సిగ్నల్ లేని దారి అయితే ఆఫ్‌లైన్ మ్యాప్ ఒక్కటే చాలదు, ఫొటోలూ కొత్త రివ్యూలూ అందులో రావు. రాత్రే రెండు మూడు చోట్లు ఏరుకుని, పేరు, ఫోన్ నంబర్, వేళలు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

దారిమైలు · 9:02
ఇది పనికొచ్చేలా ఉంది. అన్నట్టు చెప్పడం మర్చిపోయాను, మాతో చిన్నపిల్ల ఉంది, పాలు పడవు. దానికేమైనా ఫిల్టర్ ఉందా మ్యాప్‌లో?

గరిటె · 9:08
ఇది మొదట చెప్పాల్సిన సంగతి! ‘పడవు’ అంటే ఏమిటి? పాలలో చక్కెర అరక్క కడుపు ఉబ్బడమా, లేక పాల ప్రోటీన్‌కి ఎలర్జీయా? దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరి అందకపోవడం లాంటివి ఉంటే రెండోది. మొదటిదైతే కూరలో ఓ చెంచా పెరుగు పడినా పెద్ద నష్టం లేదు. రెండోదైతే అదే గరిటె, అదే పెనం కూడా ప్రమాదమే, వెన్నా నెయ్యీ కూడా లెక్కలోకి వస్తాయి.

నుడికారం · 9:13
‘పడదు’ మంచి మాటే, గరిటె గారూ. మనకి పడని మనుషులు కూడా ఉంటారు.

గరిటె · 9:15
వంటగదిలో అది చాలదండీ. వడ్డించేవాడికి ‘పడదు’ అంటే ‘ఇష్టం లేదు’ అని వినబడుతుంది, పైనుంచి తీసేసి తెస్తాడు. ‘పాలు, పెరుగు, వెన్న, నెయ్యి తగిలితే ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తుంది’ అని నాలుగూ పేర్లతో చెప్పాలి. భాష తెలియని చోట అదే ముక్క అక్కడి భాషలో కాగితం మీద రాయించి నేరుగా వంటవాడికే చూపించాలి. మ్యాప్ ఫిల్టర్ మీద ఇది వదిలేయకూడదు. దారిమైలు గారూ, రెండిట్లో ఏది?

మీటరుబిళ్ళ · 9:31
వాన నీళ్ళ గుంట పోలిక అన్యాయం. నేను కుళాయి నీళ్ళ గురించి అన్నాను.

కూజా · 9:33
కుళాయి నీళ్ళకైనా అంతే. మీటర్ రుచి చెబుతుంది, రోగం చెప్పదు.

గరిటె · 10:20
దారిమైలు గారూ? పాప సంగతి?

దారిమైలు · మర్నాడు మధ్యాహ్నం 1:15
రెస్టారెంట్ అని కొట్టాం, పన్నెండూ నలభైకి వెళ్ళాం, వేడివేడిగా దొరికింది. థ్యాంక్స్ అందరికీ. బండి ఎక్కేస్తున్నాం.

గరిటె · 1:18
పాలు?

కూజా · 1:26
మంచినీళ్ళలో ఐస్ వేశారా? ఐస్ కూడా నీళ్ళేనండీ.